గోనెసంచిలో పాత గేర్లు

చనిపోయిన తండ్రి తోలిన పాత పికప్పు అది, బరువులు లాగే బండి. హైవే మీద కాస్త వేగం అందుకుంటే చాలు, చెవులు చిల్లులు పడేలా కూత పెట్టేది. ఆయన ప్రతి గేరుకీ క్లచ్చు రెండుసార్లు తొక్కేవాడు, తొక్కినప్పుడల్లా ఆ కూత విరిగేది. మెకానిక్కైన కొడుకు, కూత పెట్టే వెనక ఇరుసులోని గేర్లు ఊడదీసి, దూరప్రయాణానికి సుఖంగా ఉండేవి తన చేత్తోనే బిగించాడు. పాతవి గోనెసంచిలో మూటగట్టి వెనక తొట్టిలో పడేశాడు. చీకటి పడ్డాక భార్యను ఎక్కించుకుని హైవే ఎక్కాడు.

"అబ్బ, ఇంజను ఉందా లేదా అన్నట్టుంది!" అందామె.

"మరి ఎవరి చెయ్యి పడిందనుకున్నావ్?" అని మీసం దువ్వాడు.

అంతలో సన్నగా అదే పాత కూత మొదలైంది. యాక్సిలరేటరు తొక్కితే పెరుగుతోంది, వదిలితే తగ్గుతోంది.

"ఏమండోయ్, మళ్ళీ మొదటికొచ్చిందే!" ఆమె నవ్వింది.

"నా పనిలో లోపమా? ఉండు, ఇప్పుడే తేల్చేస్తా." రోషంగా బండి పక్కకు తీసి, ఇంజను ఆపేశాడు.

బండి ఆగింది. కూత ఆగలేదు. వెనక సంచిలోంచి వస్తోంది.

"చూశావా," అన్నాడతను తల ఎత్తుకునే, "నా బిగింపులో ఏ లోపమూ లేదు."

తొట్టిలో కూత రెండుసార్లు విరిగి, మెత్తగా పై గేరు అందుకుంది.