మంగళవారం చీటీ

“కానిస్టేబుల్ శ్రీధర్,” చీటీ విప్పి చదివింది ఇన్‌స్పెక్టర్ ఇందిరాదేవి.

హాల్లో నిలబడ్డవాళ్లంతా గొల్లున నవ్వారు. శ్రీధర్‌కి ఒళ్లు మండిపోయింది.

“మళ్ల నేనేనా మేడమ్? వరుసగ మూడో మంగళవారం! ఠాణాల ఇంకా ముప్పై ఒక్కమంది ఉన్నరు గద!”

“ఎవరి పేరొస్తే వాళ్లే. కళ్లు మూసుకునే తీశానుగా! తప్పు చెయ్యనివాడికి భయమెందుకయ్యా?”

“భయం గాదు మేడమ్, ఇజ్జత్! గంజాయి అమ్మేటోళ్లను పట్టేటోన్ని పట్టుకొని, నువ్వు తాగినవా అని అడుగుడేంది?”

అతను మొదటి నుంచీ అంటున్న మాటే అది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల సందుల్లో పొట్లాలు అమ్మేవాళ్ల వెంటపడి ఏడాదిగా చెప్పులు అరగదీసుకున్నవాడు మరి. పోలీసులకూ మత్తు పరీక్షలు చెయ్యాలని ఉత్తర్వు వచ్చినప్పుడు, ఎల్బీనగర్‌లోని ఆ ఠాణాలో లేచి నిలబడి కాదన్నది అతనొక్కడే.

“ఊళ్లో పిల్లలకి బుద్ధులు చెప్పేది మనం. ముందు మనమే నిరూపించుకోవాలి” అని ఇందిరాదేవి తన నమూనానే మొదట ఇచ్చింది. ఆ రోజు అందరికీ పరీక్ష జరిగింది. సుగర్‌తో అవస్థపడే ముసలి హెడ్ కానిస్టేబుల్ అంతయ్య వరుసలో నిలబడలేక సిగ్గుపడుతుంటే, శ్రీధరే మజ్జిగ తెచ్చి తాగించి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. ఎవరిలోనూ ఏ మత్తూ తేలలేదు. ఆపైన వారానికొకరికి, ల్యాబ్ వాళ్లు పేర్లు రాసి తెచ్చే డబ్బాలోంచి చీటీ తీసి, అప్పటికప్పుడు పరీక్ష.

పక్క గదిలో, మొదటి రోజు నుంచీ నమూనాలు తీసుకుంటున్న ల్యాబ్ అమ్మాయి అమల సీసా మీద నంబరు రాస్తోంది.

“కోపంగా ఉన్నారా?”

“మీ మీద గాదు. ఎదురు మాట్లాడిననని మేడమ్ నా మీద పగ వట్టింది.”

“అయితే ముందు మంచినీళ్లు తాగండి. కోపంతో సీసా నిండదు.”

శ్రీధర్ ఎంత బిగబట్టినా నవ్వు ఆగలేదు. నీళ్లు తాగి కూర్చున్న అరగంటలో ఆమె గురించి చాలా తెలిసింది. సొంతూరు తెనాలి, ఇల్లు సరూర్‌నగర్‌లో, నాన్న వెంకటేశ్వరరావు లెక్కల మాస్టారు. తర్వాతి మంగళవారం పొద్దున అతను ఎందుకో రెండుసార్లు తల దువ్వుకున్నాడు.

సరిగ్గా ఆ రోజే వాళ్లమ్మ మల్లమ్మ ఠాణాకు వచ్చిపడింది. దిల్‌సుఖ్‌నగర్‌లో పోచంపల్లి చీరల దుకాణం నడుపుతుందామె. గొంతు విప్పితే నాలుగు దుకాణాల అవతలికి వినిపిస్తుంది.

“ఏందమ్మా మేడమ్! బస్తీ అంత గుసగుసలే. మల్లమ్మ కొడుకు గంజాయి తాగుతడంట, అందుకే వారం వారం పరీక్షలంట! మొన్న పెద్ద అంబర్‌పేట్ సంబంధపోళ్లు గీ ముచ్చట విని వద్దన్నరు. ఒక్కనికే ఎన్నిసార్లు చేస్తరు?”

ఇందిరాదేవి నొచ్చుకుంది. “నాకే విచిత్రంగా ఉందమ్మా. ఈ వారం మీరే తియ్యండి.”

మల్లమ్మ కొంగు నడుముకు దోపి, డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, బాగా కలియబెట్టి ఒక చీటీ తీసింది. చదివింది. అలాగే కుర్చీలో కూలబడింది.

“శ్రీధర్...” అంది నీరసంగా. “నీ నసీబే గిట్లున్నదిర కొడుకా!”

ఠాణా అంతా మళ్లీ గొల్లుమంది. ఈసారి శ్రీధర్‌కి కోపం రాలేదు. ఇందిరాదేవిని అనవసరంగా అనుమానించినందుకు తల దించుకున్నాడు.

అమల ముందుకొచ్చి, అప్పటిదాకా అతనికి వచ్చిన రిపోర్టులన్నీ మల్లమ్మ ఒళ్లో పెట్టింది.

“చూడండి ఆంటీ. ఒక్క పొరపాటు లేదు. మావాడు మంచోడని ఎవరైనా నోటితో చెప్పుకోవచ్చు, మీరు కాగితం చూపించి చెప్పొచ్చు. ఈ సిటీలో ఇన్నిసార్లు పరీక్షకి నిలబడ్డ పెళ్లికొడుకు ఇంకొకడు దొరకడు.”

మల్లమ్మ కాగితాలకేసి చూసింది. తర్వాత అమలకేసి చాలాసేపు చూసింది.

“నీకు పెండ్లి అయ్యిందా బిడ్డా?”

నెల తిరిగేసరికి సరూర్‌నగర్‌లో నిశ్చితార్థం జరిగింది. ఇందిరాదేవి దగ్గరుండి తాంబూలాలు మార్పించింది. అంతయ్య సుగర్ మాట మరిచి రెండు జిలేబీలు తిన్నాడు. మల్లమ్మ ఆ రిపోర్టులకు అద్దం కట్టించి దుకాణంలో తగిలించినట్టు వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంది.

సాయంత్రం చుట్టాలు సర్దుకున్నాక ఇద్దరూ మేడ మీద నిలబడ్డారు. శ్రీధర్ మొహం వెలిగిపోతోంది.

“గా పరీక్షలు వద్దని ఎంత లొల్లి చేసిన! ఇప్పుడు నేనే చెప్త, పోలీసోళ్లకు ఉండాలె. చిన్నోడు పెద్దోడు అని లేదు, ఎవరి పేరొస్తె వాళ్లే. మా అమ్మ చేతికి గూడ నా పేరే వచ్చిందంటె, గది దేవుడు రాసిన చీటీయే.”

అమల పవిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

“దేవుడు కాదండీ, అన్ని చీటీల మీదా మీ పేరు రాసింది నేను.”