అడుగు ఫైలు

తాపీ మేస్త్రి వేసిన పథకం చిన్నదే. సర్కారు వారి డిజైన్ శాఖ ఆఫీసులోకి దొంగతనంగా దూరాలి. ఏదీ ఎత్తుకుపోడు. దొంతర అడుగున నలిగిపోతున్న తన ఫైలు లాగి, పెద్దాఫీసరు బల్ల మీద అన్నిటికన్నా పైన పెట్టి వచ్చేస్తాడు. అంతే.

వాళ్ళ పేటలో బడి అంటే రేకుల షెడ్డు. ఎండకి పిల్లలు సొమ్మసిల్లి పడిపోతున్నారు. మొన్న పడింది మేస్త్రి కూతురే. మంచి కట్టడాలకి నిధులిస్తామని సర్కారు డప్పు కొట్టుకుంటే నమ్మి, గాలాడే బడికి సొంతంగా ప్లాను గీసి పంపాడు. మూడేళ్ళయింది. నెలకో జవాబు వస్తోంది: "పరిశీలనలో ఉన్నది." పరిశీలించడానికి అందులో ఏం ఏడ్చింది? నాలుగు గోడలు, పన్నెండు కిటికీలు!

శాఖ వారి ఆఫీసు మాత్రం అద్దాల మేడ. వాకిలి ఎక్కడుందో ఎవడికీ కనిపించకుండా కట్టినందుకు బహుమతి కూడా కొట్టేసింది. మేస్త్రి పట్టపగలే వెనకవైపు వెంటిలేటరు కింద బావమరిది భుజాలెక్కాడు.

"దొరికిపోతే ఏం చెబుతావు బావా?"

"కొత్తగా ఉద్యోగంలో చేరానంటా. కదలకుండా నిలబడరా, నీ దుంప తెగ!"

లోపల ముప్ఫై మంది దాకా ఉన్నారు. ఒక్కడూ తలెత్తి చూడడు. ఒక్కొక్కడి చంకలో ఒక్కటంటే ఒక్కటే ఫైలు. మేస్త్రి ఎదురుపడితే చాలు, గోడవైపు మొహం తిప్పుకుని గబగబా తప్పుకుంటున్నారు.

జనమంటే ఇంత చీదరా వీళ్ళకి! మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. దొంతర అడుగునుంచి తన ఫైలు పీకి, దుమ్ము దులిపి, పెద్దాఫీసరు గదిలోకి పిల్లిలా నడిచాడు. బల్ల మీద పెట్టబోతుంటే బల్ల కిందనుంచి ఒక బట్టతల పైకి లేచింది.

"ఎవరు నువ్వు?"

మేస్త్రి అనుకున్న మాటే అన్నాడు. "ఇక్కడి ఉద్యోగినే. ఇవాళే చేరాను."

బట్టతలాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. మేస్త్రి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పెద్ద కుర్చీలో కూలేశాడు. పెన్ను చేతిలో పెట్టాడు. "అందరూ రండర్రా!" అని కేకేశాడు. ముప్ఫై మందీ తోసుకుంటూ లోపలికొచ్చి, ఫైళ్ళు చాచి నిలబడ్డారు.

"ఏంటండీ ఇదంతా?" అన్నాడు మేస్త్రి.

బట్టతలాయన రెండు చేతులూ జోడించాడు.

"కేసు పెట్టకండి బాబూ! శాఖ డబ్బంతా ఈ మేడకే అయిపోయి ఉద్యోగుల్ని వెయ్యనేలేదు, మేమంతా ఎవరి ఫైలు కోసం వాళ్ళం దొంగతనంగా దూరినవాళ్ళం, ఊరికే కూర్చోలేక వచ్చిన ఉత్తరాలకి జవాబులు రాస్తున్నాం... ఇన్నాళ్ళకి నిజం ఉద్యోగి ఒకరు దొరికారు, ముందు మా ఊరి బస్టాండు మీద సంతకం పెట్టండి సార్!"