కారులో లేని మనిషి

చేసిన తప్పు ఒప్పుకోవడానికే రాజకీయ నాయకులకు నోరు రాదు. మునిసిపల్ ఛైర్మన్ గారు మాత్రం చేయని తప్పు ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆ ఒప్పుకోలు వెనక్కి ఇప్పించమంటున్నారు.

"తాగి కారు నడిపింది నేనేనని కోర్టులో మీ నోటితో మీరే చెప్పారు సార్," అన్నాడు లాయరు నెత్తి గోక్కుంటూ. "కారు తీసుకెళ్ళి కటింగ్ షాపులో దూర్చి, అందులో కూర్చున్న ముసలాయన కాలు విరగ్గొట్టింది నేనేనన్నారు. పేపర్లన్నీ వేశాయి. ఇప్పుడు కాదంటే జడ్జి నవ్వుతాడు."

"నవ్వనీ. నడిపింది నా డ్రైవరు. తాగింది కూడా వాడే."

"మరి అప్పుడెందుకు ఒప్పుకున్నారు?"

"పిల్లలు గలవాడు, జైలుకు పోతాడేమోనని జాలిపడ్డాను."

లాయరు ఆయన మొహంలోకి చూశాడు. పిల్లికి బిచ్చం పెట్టని మనిషి డ్రైవరు మీద జాలిపడ్డాడంటే జడ్జి కాదు గదా, ఆ డ్రైవరే నమ్మడు.

"జాలి వద్దు సార్. ఇంకేదైనా చూద్దాం," అన్నాడు.

ఛైర్మన్ గారి బాధ జైలు గురించి కాదు. కోర్టు జరిమానాతోనే సరిపెట్టింది. బాధంతా టికెట్ గురించి. శిక్ష పడ్డవాడికి ఈ ఎన్నికల్లో టికెట్ లేదని పార్టీ తెగేసి చెప్పింది. నిజానికి ఆ టికెట్ మొదట ఆయన బావమరిదికి ఖాయమైంది. చురుకైన కుర్రాడు, జనంలో మంచి పేరున్నవాడు. పాపం, కారు గొడవ జరిగిన సాయంత్రమే, ఇంకా కడుతున్న పార్టీ ఆఫీసు మేడ మీద నుంచి కాలు జారి పడి చనిపోయాడు. కష్టాలు కట్టకట్టుకుని వస్తాయంటే ఇదేనని ఊరంతా అనుకున్నారు.

ఆ సంగతి గుర్తు రాగానే లాయరు కుర్చీలో ముందుకు జరిగాడు.

"దొరికింది సార్. బావమరిది పోయిన దుఃఖంలో మీకు మతి చలించింది. ఎవరేం అడిగినా అవునన్నారు. అదే చెబుదాం. జడ్జిగారికి మాత్రం బావమరుదులుండరా?"

ఛైర్మన్ గారికి ఇది నచ్చింది. ఆ రాత్రి అద్దం ముందు నిలబడి దుఃఖపడటం సాధన చేశారు. కన్నీళ్ళు రెండో ప్రయత్నానికే వచ్చాయి.

ఇక మిగిలింది ఇంట్లో చెప్పడం. తమ్ముడు పోయినప్పటి నుంచి ఆయన భార్య ఆయనతో అవసరానికి తప్ప మాట్లాడటం లేదు. ఎలా కదిలించాలా అని ఆయన తంటాలు పడుతుంటే, కాఫీ కప్పు బల్ల మీద పెడుతూ ఆవిడే అడిగింది.

"ఏమండీ, మీరు ఆ కారులో లేరని తేలితే టికెట్ ఇస్తారా?"

"ఇస్తారు."

"అయితే తేలాల్సిందే. నేను చూస్తాను."

అంతే, ఆ మర్నాటి నుంచి ఆవిడ నడుం బిగించింది. డ్రైవర్ని పిలిచి ముందు గదిలో కూర్చోబెట్టి మాట్లాడింది. ఏం చెప్పిందో గానీ, వాడు కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి, నేరం తనదేనని కోర్టులో చెబుతానన్నాడు. కటింగ్ షాపుకు ఎదురుగా ఉన్న బట్టల షాపుకు వెళ్ళి, ఓనరు విసుక్కున్నా కదలకుండా కౌంటరు దగ్గరే నిలబడి, ఆనాటి కెమెరా వీడియో వెతికించింది. అందులో కారు గుద్దుకోవడం, డ్రైవరు ఒక్కడే తూలుతూ దిగడం స్పష్టంగా కనబడ్డాయి. కారులో ఇంకో నరమానవుడు లేడు.

"ప్రతి క్లయింటుకూ ఇలాంటి భార్య ఉంటే నేను లా చదవాల్సిన పనే లేదు," అన్నాడు లాయరు.

ఛైర్మన్ గారికి గర్వంతో ఛాతీ పొంగింది. తమ్ముడు పోయిన బాధ దిగమింగుకుని మొగుడి కోసం ఇంత తిరుగుతోంది, ఇల్లాలంటే ఇలా ఉండాలి అనుకున్నారు. చాలా ఏళ్ళ తర్వాత ఆవిడ మీద ఆయనకు నిజంగానే ప్రేమ కలిగింది.

"ఇంకొక్కటే మిగిలింది," అన్నారు ఆవిడతో. "ఆ టైములో నేను ఇంట్లోనే ఉన్నానని నువ్వొక్క ముక్క చెప్పాలి."

"ఆ సాయంత్రం నాకు బాగా గుర్తుందండీ. అడిగితే చెబుతాను."

కోర్టులో అంతా అనుకున్నట్టే జరిగింది. తాను కారులో లేనని ఛైర్మన్ గారు ప్రమాణం చేసి చెప్పారు. బావమరిది పేరెత్తగానే ఏడ్చారు, బాగానే ఏడ్చారు. డ్రైవరు తన తప్పు ఒప్పుకున్నాడు. వీడియో చూశాక జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, ప్రమాదం జరిగినప్పుడు ఈయన ఆ కారులో లేరన్నది రుజువైందని రాయించారు. టికెట్ చేతికొచ్చినట్టే అనిపించింది ఛైర్మన్ గారికి.

"మరి ఆ టైములో ఎక్కడున్నారు?" అన్నారు జడ్జిగారు.

"ఇంట్లో సార్. మా ఆవిడ ఉంది, అడగండి."

ఆవిడ బోనెక్కింది. భర్త వైపు చూడలేదు.

"ఇంట్లో లేరండి," అంది.

లాయరు గొంతు సవరించుకున్నాడు. "కంగారు పడకండమ్మా. నిదానంగా గుర్తు తెచ్చుకుని చెప్పండి."

"కంగారేం లేదు బాబూ. కారు నడుపుతున్న మనిషి ఇంకోచోట ఎలా ఉంటాడని అందరూ అంటారని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. కారులో లేరని ఇప్పుడు కోర్టే రాసుకుంది కాబట్టి చెబుతున్నాను. సరిగ్గా ఆ టైముకే మా తమ్ముడు పార్టీ ఆఫీసు మేడ మీద నుంచి నాతో ఫోన్లో మాట్లాడుతున్నాడండి. 'ఉండక్కా, బావ పైకొస్తున్నాడు, మళ్ళీ చేస్తాను' అని పెట్టేశాడు."