జాజు పూసిన వేలు

హులిగమ్మ చూపుడు వేలు ఎర్రమన్ను అంటి ఎర్రగా ఉండడం పక్కన కూర్చున్న ఆడమనిషి గమనించింది.

ఆదోనిలో కాన్పుల ఆసుపత్రి. హులిగమ్మ కూతురు మౌనికకు నెలలు నిండాయి. బల్ల మీద కూర్చోలేక గోడకు ఆనుకుని నిలబడింది.

“జాజు పూసినారా పెద్దమ్మా?”

“పాపకు సర్పి పొక్కులు లేసినాయి, తొడ మింద. మా ఊర్లో నాటుమందిచ్చే తిక్కయ్య తాత కలిపిచ్చినాడు.”

“తొడ మిందనేనా?”

హులిగమ్మ అటూ ఇటూ చూసి తల అడ్డంగా ఊపింది.

పక్కనున్నామె గొంతు తగ్గించింది. “అది సర్పి కాదు పెద్దమ్మా, హెర్పిస్. పూర్తిగా పోదు, మాత్రలకు అణుగుతాది. మొగునికి పైకేం కనపడకున్నా ఆయప్ప నుంచి రావొచ్చు. నెలలు నిండినాక మొదటిసారి వస్తే బిడ్డ పానానికే మోసం. ముందే సెప్తే ఆపరేషన్ సేసి తీస్తారు.”

“శానా తెలుసునే నీకు. యాడాడ తిరిగినావు తల్లీ?”

“యాడా తిరగలేదు. మొగునితో కాపురమే సేసినా.” మడిచిన చీటీ ఒకటి హులిగమ్మ చేతిలో పెట్టింది. “నోటితో సెప్పలేకుంటే ఇది సూపించండి.”

హులిగమ్మ చీటీని సంచిలో కుక్కి, కూతుర్ని లాక్కుని అవతలి బల్ల దగ్గరికి పోయింది.

చెప్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పెద్దకడుబూరు అల్లుడు మహేశ్వర్‌కు ఇది రెండో పెళ్లి. మొదటి భార్య రాణిని నడత మంచిది కాదని పంపేశారట.

“ఇంకేమన్నా ఇబ్బంది ఉందా?” లోపల డాక్టరమ్మ అడిగింది.

మౌనిక తల్లి వైపు చూసింది.

“ఏం లేదు తల్లీ.” హులిగమ్మ వేలు కొంగులో దాచుకుంది.

మర్నాడు నొప్పులు మొదలవగానే కూతురి ఒంటి మీది జాజంతా తడిబట్టతో తనే తుడిచేసింది. మగబిడ్డ పుట్టాడు.

పదోనాడు బిడ్డ పాలు తాగడం మానేశాడు. ఒళ్లు కాలిపోయింది. ఫిట్స్ వచ్చాయి. కర్నూలుకు ఎత్తుకుపోయారు.

“తల్లికి కింద పొక్కులేమైనా లేచాయా?” అక్కడ డాక్టరు మొదట అడిగిందే అది.

హులిగమ్మ అప్పుడు చెప్పింది.

బిడ్డ దక్కలేదు.

“మౌనికను మీ ఇంటికే పిల్సకపో అత్తా,” అన్నాడు మహేశ్వర్, వాళ్ల ముఖం చూడకుండా.

హాలహర్విలో తమ ఇల్లు చేరాక హులిగమ్మ సంచి దులిపింది. చీటీ కింద పడింది.

“ఏం రాసుందే అందులో?”

మౌనిక విప్పింది. ఎమ్మిగనూరు డాక్టరు రాసిన పాత మందుల చీటీ. మడతల దగ్గర చిరిగిపోయింది.

మందుల పేర్ల దాకా పోలేకపోయింది మౌనిక, పై వరుస దగ్గరే ఆగిపోయింది: “రాణి, భర్త మహేశ్వర్, పెద్దకడుబూరు.”