వట్టి చెక్క

"ఆ గోనె తీసెయ్ బాబూ!"

కనక అరుపుకు దేవీప్రసాద్ ఉలిక్కిపడ్డాడు. అతని ఒళ్ళోని కుందేలూ ఉలిక్కిపడింది.

గుమ్మలక్ష్మీపురం దగ్గరి ఈ కొండ ఊరికి పశువుల ఆసుపత్రి సహాయకుడిగా వచ్చి పది రోజులైంది. మైదానం మనిషి. ఏనుగుల గుంపు చుట్టుపక్కలే తిరుగుతోందని తెలిసినప్పటి నుంచి అతనికి అన్నం సయించడం లేదు. కనక ఇల్లేమో ఊరి చివర, అడవిని ఆనుకుని ఉంది. భర్త పోయాక ఏడేళ్ళ కూతురు సోనితో అక్కడే ఉంటోంది. అటు రావాలంటేనే అతనికి భయం. అయినా సోని పెంచుకునే రెండు తెల్ల కుందేళ్ళ కోసం వచ్చాడు.

సంతలో కొన్న గూటికి అడుగున ఇనప జల్లెడ ఉండేది. అది ఒరుసుకుని కుందేళ్ళ వెనక పాదాలు పుండ్లయ్యాయి. దేవీప్రసాదే జల్లెడ పీకించి, చెక్క వేయమని కనకకు చెప్పాడు. మెత్తగా ఉంటుందని ఇవాళ పైన గోనెసంచీ పరిచాడు. దానికీ ఈ రభస.

"వట్టి చెక్క మీద పుండ్లు ఎప్పటికి మానతాయమ్మా? పైగా భయమేస్తే ఇవి వెనక కాలితో నేలను గట్టిగా తన్నుతాయి. చెక్కయితే దెబ్బ తగుల్తుంది."

"తన్ననీ!"

చెబుతున్నంతసేపూ కనక అతని నోటివంకే చూసింది. పళ్ళలో ఏమైనా ఇరుక్కుందేమోనని అతను మూతి తుడుచుకున్నాడు. మామూలు మాటకు కూడా అంత గొంతేమిటో! గయ్యాళి అనుకున్నాడు. ఆ చెక్కను చూస్తే ఇంకా ఒళ్ళు మండింది. బారెడు పలక. సగం గూట్లో ఉంది. మిగతా సగం గూడు దాటి, పక్కనే పరిచిన కనక చాప కిందికి పోయింది. కొలత చూసి కోయించడానికి కూడా బద్ధకమే.

సోని వచ్చి తల్లి భుజం తట్టింది. తల్లి ఇటు తిరిగాక అంది.

"ఆటికి నొప్పెడతాది అమ్మా. రేపటిదాకా ఉంచవే."

కూతురి కళ్ళలో నీళ్ళు చూసి కనక మెత్తబడింది.

"రేపటిదాకానే."

మర్నాడు పదిగంటల వేళ మందు రాయడానికి దేవీప్రసాద్ వస్తున్నాడు. కొండమలుపు తిరిగాడో లేదో ఊళ్ళో రేకుడబ్బాలు మోగాయి. ఏనుగులు కదిలితే ఊరికి అదే హెచ్చరిక. జనం బడి డాబా మీదికి పరుగెత్తారు. సోని బడిలోనే ఉంది.

కనక మాత్రం వాకిట్లో కూర్చుని చోళ్ళు చెరుగుతోంది.

ఆమె వెనక, పనసచెట్టు కింద, ఏనుగు.

"అమ్మా! లే! లే!" అని అరిచాడు. గొంతు చిట్లిందే గాని కనక తలైనా తిప్పలేదు. చేట ఆడుతూనే ఉంది. అతనికి ముందుకు అడుగు పడలేదు. ఏనుగు రెండు పనసకాయలు తెంపుకుని, వచ్చినంత నెమ్మదిగానూ అడవిలోకి పోయింది.

అప్పుడు అతను పరుగున వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. చెట్టువైపు చెయ్యి చూపించాడు. కనక లేచి వెళ్ళి చూసింది. చేటంత అడుగులు, ఆమె కూర్చున్న చోటికి పది బారలు కూడా లేవు. కనక తిన్నగా ఇంట్లోకి పోయి గూట్లోని గోనెను సర్రున లాగి బయటికి విసిరేసింది.

ఏనుగొస్తే గోనె మీద కోపమేమిటో అతనికి అర్థం కాలేదు.

"డబ్బాలు అలా మోగుతుంటే కదలవేం? నీకు భయం లేదా?"

"లేకేం బాబూ? నా గుంట సోని ఇంటికాడ ఉండుంటే ఏటయ్యేది?" అంటూ ఆమె ఏడ్చేసింది.

ఇక అతను చెక్క మీద జారకుండా కత్తితో గీతలు పెట్టాడు. కుందేళ్ళు పడుకోవడానికి ఒక్క మూల మాత్రం ఎండుగడ్డి వేశాడు. మిగతాదంతా వట్టి చెక్క. కనక దానికి ఒప్పుకుంది.

ఐదు రోజులకు ముసురు పట్టింది. దీపాలు పెట్టే వేళ. కరెంటు లేదు. నాట్ల పని నుంచి వచ్చిన కనక చాప మీద నడుం వాల్చింది. పక్కన సోని నిద్రపోతోంది. ఊళ్ళో డబ్బాలు మోగుతూనే ఉన్నాయి. వానకు పొగమంచు తోడై వాకిలి దాటి ఏమీ కనబడటం లేదు.

గూట్లో కుందేలు చెక్కను దబ్బున తన్నింది. వెంటనే రెండోదీ తన్నింది.

కనక దిగ్గున లేచి సోనిని భుజాన వేసుకుంది. కుందేళ్ళు లేనిదే రానని సోని కాళ్ళు తన్నుకుంది. రెంటినీ బుట్టలో కుక్కి, వెనక తలుపు తీసి, కనక వానలో పక్కింటి తవిటమ్మ దగ్గరికి పరుగెత్తింది.

తెల్లారి దేవీప్రసాద్ వచ్చేసరికి ముందుగోడ లేదు. మట్టిగోడ మొత్తం చాప మీద పడి ఉంది. చోళ్ళ బస్తాలు చిందరవందరగా ఉన్నాయి. పలక చివర గోడ కిందినుంచి పైకి పొడుచుకొచ్చింది. అతను "సోనీ! కనకమ్మా!" అని అరుస్తూ మట్టిగడ్డలు లాగడం మొదలెట్టాడు.

"ఇక్కడున్నారు బాబూ, ఇద్దరూ బాగున్నారు!" అని పక్కింటి తవిటమ్మ కేకేసింది.

ఆవిడ అరుగు మీద సోని కుందేళ్ళకు ఆకు తినిపిస్తోంది. అటు తిరిగి కనక పొయ్యి ఊదుతోంది. దేవీప్రసాద్ అరుగు మీద కూలబడ్డాడు.

"పోనీలే, ఈసారైనా కనక డబ్బాల మోత విని లేచింది," అన్నాడు.

తవిటమ్మ అతన్ని వింతగా చూసింది.

"ఏ మోత ఇంటాది బాబూ, మూడేళ్ళ కిందట జొరమొచ్చి దాని రెండు సెవులూ పోనాయి, ఈపు కింద ఆ సెక్క అదిరితేనే లేత్తాది!"