నేలమీది ఉద్యోగం

డెబ్భై ఒకటి డిసెంబరు. నాంపల్లి స్టేషన్లో రైలుకు సిగ్నలిచ్చారు. యుద్ధం మొదలవడంతో, వైమానిక దళంలో డాక్టరుగా ఉన్న కామాక్షికి సెలవు రద్దయింది. గాయపడిన జవాన్లను తెచ్చే విమానాల్లో తనూ వెళ్లాలి. ఆ సంగతి తల్లికి రిక్షాలోనే చెబుదామనుకుంది. ఇంకా చెప్పలేదు.

ప్లాట్‌ఫారం మీద నిలబడి కిటికీ ఊచ పట్టుకున్న తల్లి వెంకటరత్నమ్మ గొంతు తగ్గించింది. "తమ్ముడు పైలట్‌గా చేరతానంటున్నాడే. వాడి కళ్లు పనికిరావని మీ డాక్టర్ల చేత రాయించు. నీ మాట కాదంటారా?"

"వాడివి నిక్షేపంలాంటి కళ్లు. అబద్ధం ఎలా రాయించనమ్మా? నన్ను నువ్వే పంపావుగా! నాన్న వద్దన్నా అబిడ్స్ తీసుకెళ్లి యూనిఫారం కుట్టించావు."

"నీది నేలమీది ఉద్యోగమనేగా పంపాను! ఆడవాళ్లను ఎగరనిస్తారంటే గడప దాటనిచ్చేదాన్నా?"

ఇన్నేళ్లూ అమ్మ ధైర్యం చూసుకునే కామాక్షి నిలబడింది. అసలు అమ్మకు ధైర్యమే లేదేమో.

"ఇప్పటికీ అంతేగా? నిన్ను విమానం ఎక్కించరు కదూ?"

"ఎక్కించరమ్మా."

రైలు కదిలింది. "అమ్మా, జర ఎన్కకు జరుగు, పడ్తవ్!" అని హమాలీ అరిచాడు. వెంకటరత్నమ్మ ఊచ వదలకుండా బండితోపాటే నడిచింది.

"తమ్ముడి కోసం అబద్ధం రాయించనన్నదానివి, నాతో ఎంత తేలిగ్గా చెప్పావే!"

కామాక్షి తల దించుకుంది.

"పైన చలెక్కువట. సంచిలో స్వెట్టరు పెట్టాను, వేసుకో" అని వెంకటరత్నమ్మ ఊచ వదిలేసింది.