చోటు మారిన బటన్

"పొద్దుట్నుంచి ఎక్కించిన రోగుల పేర్లలో ఒక్కటీ లేదేంటి?" ఆసుపత్రి సూపర్‌వైజర్, రోగుల చీటీలు ఎక్కించే ఆమె కంప్యూటర్ మీదికి వంగాడు.

"రోజూ నొక్కే చోటే నొక్కాను సార్. పేజీ ఎప్పట్లాగే ఖాళీ అయింది."

"ఇవాళ కొత్త వెర్షన్ వచ్చింది. ఆ చోట ఇప్పుడు సేవ్ బదులు డిలీట్ ఉంది. బటన్ మీద రాసుందిగా, చదవలేదా?"

ఆమెది ఆరో తరగతితో ఆగిన చదువు. మూడేళ్లుగా పేర్లు తెలుగులో కొడుతూ, బటన్ల మీది ఇంగ్లీషు అక్షరాల జోలికి పోకుండా, చోట్లు గుర్తుపెట్టుకునే నెట్టుకొచ్చింది.

"పక్కనే డిగ్రీ చదివినావిడ ఉంది, అడగొచ్చుగా! సాయంత్రంలోగా చీటీలన్నీ మళ్లీ ఎక్కించు. లేదంటే రేపట్నుంచి రాకు," అనేసి వెళ్లిపోయాడు.

పాపకు పాలడబ్బా ఎలా కొనాలన్న ఆలోచన వచ్చింది గానీ ఏడుపు రాలేదు. పక్క సీటు వైపు తిరిగింది.

"అక్కా, ఏది నొక్కాలో చెప్పవా?"

పక్క సీటు అక్క తన తెరను ఇటు తిప్పింది. అందులోనూ ఒక్క పేరు లేదు.

"అదేంటక్కా? నువ్వు డిగ్రీ కదా!"

"డిగ్రీ లేదు, దాని బొందా లేదు. మూడేళ్లుగా నీ చెయ్యి ఎటు పోతే నా చెయ్యీ అటే."

ఆమెకు కోపం రాలేదు, నవ్వూ రాలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, తెర మీది మొదటి బటన్ మీద వేలు పెట్టింది.

"ఇది ఎస్ కదూ?"

"అనుకుంటా," అంది అక్క. "పక్కది చూడు."